చచ్చిన పురుగుల లెక్క, బతికిన చెట్ల లెక్క

మే నెల మొదటి వారంలో మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం సమావేశం జరిగింది. కొలరాడోలో రాకీ పర్వతాల తూర్పు వాలు మొదలయ్యే చోట, పొండరోసా పైన్ చెట్ల మధ్య కట్టిన కాలనీ మాది. రెండేళ్ళుగా చుట్టుపక్కల కొండల మీద చెట్లు గుంపులు గుంపులుగా ఎర్రబడుతున్నాయి. పైన్ ఆకు ఎర్రబడిందంటే ఆ చెట్టు నిరుడే చచ్చిపోయిందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం సభ్యులలో ఒకాయన, ఎంతో మంచి ఉద్దేశంతోనే, ఒక ప్రతిపాదన తెచ్చారు. బెరడు పురుగులను వాసనతో ఆకర్షించే ఎరలు, వాటిని పట్టే బుట్టలు అందరమూ కలిసి కొందామని, పెరటికొకటి చొప్పున వేలాడదీసి, కాలనీలో ఉన్న పురుగులన్నిటినీ ఈ వేసవిలోనే పట్టి చంపేద్దామని ఆయన అన్నారు. దాదాపు అందరూ తలలూపారు. నేను లేచి వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి నాకు దొరికిన రెండు నిమిషాలు ఏ మూలకూ చాలలేదు. అప్పుడు చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను రసాయనాలు వద్దనే మనిషిని కాను. పైగా, పురుగును వాసనతో పిలవడం, వాసనతోనే పొమ్మనడం అనే ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది. నా అభ్యంతరమల్లా మనం దాన్ని కొలిచే తూకపురాయి గురించే. ఎన్ని పురుగులు చచ్చాయో లెక్కపెట్టుకుని సంతోషిస్తున్నాం. ఆ లెక్క పట్టుకుంటే ఎరలే గొప్పగా కనిపిస్తాయి, ఎందుకంటే బుట్ట తెరిచి చూస్తే పిడికెడు పురుగులు కంటికి కనిపిస్తాయి. ఎన్ని చెట్లు బతికాయన్న లెక్క పట్టుకుంటే మాత్రం, ఒక్క పురుగును కూడా చంపకుండా వాసనతో పొమ్మనే వికర్షకానికే, అదీ సరైన చోట సరైన చెట్టుకు కట్టినప్పుడు, ఎక్కువ మార్కులు పడతాయి.

పిలుపు, ఆ తర్వాత పొమ్మనడం

మా చెట్లను చంపుతున్న బెరడు పురుగు పేరు మౌంటెన్ పైన్ బీటిల్, బియ్యపు గింజంత ఉండే నల్లటి పురుగు. ఒంటరిగా వచ్చిన పురుగు ఆరోగ్యంగా ఉన్న చెట్టును ఏమీ చేయలేదు. అది తొలిచిన రంధ్రంలోకి జిగురు ఉబికి వచ్చి దాన్ని బయటికి నెట్టేస్తుంది, లేదంటే అందులోనే ముంచేస్తుంది. అందుకని ముందుగా వాలిన ఆడపురుగు, ఆ జిగురులోనే ఉండే ఆల్ఫా-పైనీన్‌ను తన ఒంట్లో ట్రాన్స్-వెర్బెనాల్‌గా మార్చి గాలిలోకి వదులుతుంది. తనను కాపాడుకోవడానికి చెట్టు తయారుచేసుకున్న పదార్థమే దాని మీదికి దండును రప్పించే పిలుపుగా మారడం, ఈ విషయం గురించి మొదటిసారి చదివిన నాడు నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఆ పిలుపు విని వచ్చిన మగపురుగులు ఎక్సో-బ్రెవికోమిన్ అనే మరో వాసనను జోడిస్తాయి, ఆ రెండింటికీ జిగురు వాసన కలిసి పిలుపు ఇంకా బలపడుతుంది. లాడ్జ్‌పోల్ అనే మరో పైన్ జాతి విషయంలో, చదరపు మీటరు బెరడుకు సుమారు 40 పురుగులు తొలిస్తే గాని చెట్టు లొంగదని 1980లలో చేసిన పరిశోధనల్లో తేలింది. లొంగాక పని త్వరగానే ముగుస్తుంది. పురుగు మోసుకొచ్చిన నీలిమరక శిలీంధ్రం చెక్కలోకి పాకి నీరు పైకెక్కే దారులను మూసేస్తుంది, బెరడు కింద పురుగు పిల్లలు చెట్టును చుట్టుముట్టి తింటాయి.

చెట్టు నిండే కొద్దీ వాసన మారుతుంది. పురుగులతో పాటు వచ్చిన ఈస్టులు, ఇతర సూక్ష్మజీవులు వెర్బెనాల్‌ను వెర్బెనోన్‌గా మారుస్తాయి. కొత్తగా ఎగిరి వస్తున్న పురుగుకు వెర్బెనోన్ అంటే ఇక్కడ చోటు లేదన్న కబురు. తిండి చాలని చోట గుడ్లు పెడితే నష్టం తన సంతానానికే గనుక అది ఆ కబురును మన్నించి పక్క చెట్టుకు పోతుంది. ఆ వెర్బెనోన్‌నే 7 గ్రాముల చొప్పున చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో నింపి, ఖాళీగా ఉన్న చెట్టుకు ఉత్తరం వైపు, ఎండ తగలని చోట బిగిస్తే, ఆ చెట్టు నిండిపోయిందని పురుగు నమ్ముతుందని ఆశ. రోజ్‌మేరీ నూనెలో కూడా ఈ పదార్థం ఉంటుంది కనుక దాని వాసన మనుషులకు ఇబ్బందేమీ కాదు.

ఈ విద్యకు పునాది పైన్ అడవిలోనే పడింది. 1966లో రాబర్ట్ సిల్వర్‌స్టీన్, ఓటో రోడిన్, డేవిడ్ వుడ్ కలిసి, పొండరోసా పైన్ దుంగలను తొలిచిన ఐప్స్ అనే బెరడు పురుగు జాతి మగపురుగులు వదిలిన పొట్టు నుంచి మూడు ఆకర్షక పదార్థాలను వేరుచేశారు. ఆ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా పెడితే పురుగులు పట్టించుకోలేదు, కలిపి పెడితేనే వచ్చాయి. పురుగుల వాసన ఒంటరి పదం కాదని, అందులో కూర్పు ఉందని అప్పుడే తెలిసింది. నా పెరట్లో జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఆ సంగతే నాకు తర్వాత ఉపయోగపడింది.

నార్వే లెక్క

ఎర బుట్టలతో పురుగులను ఊడ్చిపారేయవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. దానికి ప్రపంచంలోనే పెద్ద పరీక్షల్లో ఒకటి నార్వేలో జరిగింది. అక్కడి బాధితురాలు పైన్ కాదు, దాని దగ్గరి చుట్టమైన స్ప్రూస్ చెట్టు. పురుగు కూడా వేరే జాతిది. అయినా ఈ వాదనలో ఆ ఉదాహరణను దాటిపోవడానికి వీల్లేదు. 1979లో అక్కడి అడవుల్లో సుమారు 6 లక్షల బుట్టలు పెట్టారు. రంధ్రాలు చేసిన నల్ల ప్లాస్టిక్ గొట్టాలలో ఫెరోమోన్, అంటే పురుగులు ఒకదాన్నొకటి పిలుచుకునే వాసన, ఎరగా పెట్టి అడవి అంతటా నిలబెట్టారు. ఆ ఏడాది సుమారు 290 కోట్ల పురుగులు పడ్డాయి. మరుసటి ఏడు 450 కోట్లు పడ్డాయి.

ఈ అంకెలను నేను సమావేశంలో చెప్పినప్పుడు, ప్రతిపాదన తెచ్చినాయన ముఖం వెలిగింది. ఆయన వాదనకు నేనే బలం చేకూర్చానని అనుకున్నారు. అయితే ఆ రెండో అంకె మొదటిదానికంటే పెద్దది. 290 కోట్లను చంపిన తర్వాత కూడా మరుసటి ఏడు 450 కోట్లు పట్టుబడడానికి మిగిలి ఉన్నాయంటే, చంపినవి ఎన్ని అన్న ప్రశ్న కంటే చంపకుండా మిగిలినవి ఎన్ని అన్న ప్రశ్నకే విలువ ఎక్కువ. తర్వాతి ఏళ్ళలో ఆ ఉధృతి తగ్గింది. అది బుట్టల వల్ల తగ్గిందా, వాతావరణం మారడం వల్లనా, బలహీనమైన చెట్లు అప్పటికే అయిపోవడం వల్లనా అన్నది ఆ రంగంలో ఉన్నవారు కూడా గట్టిగా తేల్చలేదు. అలాగని బుట్టలు వృథా అని నేనూ తేల్చిచెప్పలేను. అవి లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేదేమో. కాని ఒక దేశం అంత క్రమశిక్షణతో చేసిన పనికే జవాబు అస్పష్టంగా మిగిలినప్పుడు, మా కాలనీలో తలా ఒక బుట్ట కడితే స్పష్టమైన ఫలితం వస్తుందని నమ్మడం ఎలా?

మా ఎదురింటి పెద్దావిడ నిరుడే ఆ పని చేశారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఎరను కొని, తన పెరట్లోని అన్నిటికంటే పెద్ద పైన్ చెట్టు కొమ్మకే బుట్టను వేలాడదీశారు. సెప్టెంబరులో ఆమె పిలిస్తే వెళ్ళి బుట్టలో పడినవాటిని తెల్ల కాగితం మీద పోసి, భూతద్దంతో చూశాను. బెరడు పురుగులు పిడికెడు ఉన్నాయి. వాటి మధ్య ఎరుపు, నలుపు చారలతో కాస్త పొడవుగా ఉన్న పురుగులు కూడా కనిపించాయి. అవి క్లెరిడ్లు. బెరడు పురుగులను పట్టి తినే జాతి అది. తమ వేట ఎక్కడుందో తెలుసుకోవడానికి అవి కూడా ఈ ఫెరోమోన్ వాసననే పట్టుకుని వస్తాయి. అంటే ఆ బుట్ట దొంగలతో పాటు కాపలావాళ్ళను కూడా పట్టి చంపింది. ఈ వేసవికి ఆ పెద్ద చెట్టు, దాని పక్కనున్న మరో రెండు ఎర్రబడ్డాయి. ఎర వాసన విని వచ్చిన పురుగులన్నీ బుట్టలోనే పడతాయన్న నియమం లేదు, దగ్గరలో పచ్చటి చెట్టు ఉంటే చాలా పురుగులు దాని మీదే వాలతాయి. నలభై ఏళ్ళుగా ఆ చెట్టు నీడలో బతికానని ఆవిడ చెబుతుంటే నాకు ఏమి అనాలో తోచలేదు.

కొబ్బరితోటలో బకెట్టు

ఇక్కడ నా మాటకు ఎదురు నిలిచే అనుభవం నా ఇంట్లోనే ఉంది. మా బాబాయిది అంబాజీపేట దగ్గర కొబ్బరితోట. ఎర్ర ముక్కు పురుగుకు ఆయన బకెట్టు పెట్టేవారు. రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ బకెట్టు బయట, పురుగు పట్టుకుని ఎక్కడానికి వీలుగా గోనెపట్టా చుట్టి, లోపల మగ్గిన అరటిపండ్లు వేసి, మూత కింద ఫెరోమోన్ పొట్లం వేలాడదీసేవారు. మొదటి ఏడు బకెట్టును తోట నడుమ, లేత మొక్కల దగ్గర పెట్టారు. ఆ పక్క మొక్కలకే పురుగు తగిలింది. నేను సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన దాన్ని చూపించి, "ఒరేయ్ అబ్బాయ్, ఈ బకెట్టు పక్క తోటల్లో పురుగులక్కూడా మన తోటకి దారి చూపిస్తోందిరా" అన్నారు. మరుసటి ఏడు ఆ కాలవ గట్టు రైతులందరూ మాట్లాడుకుని, లేత మొక్కలకు దూరంగా, తోటల సరిహద్దుల్లో ఒకేసారి బకెట్లు పెట్టుకున్నారు. అప్పటి నుంచి దెబ్బ తగ్గిందని బాబాయి గట్టిగా చెబుతారు. ఆయన మాటను అనుమానించడానికి నాకు కారణమేదీ లేదు.

మరి అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయదు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. నాకు తోచిన జవాబు ఇది. ఎర్ర ముక్కు పురుగు తోటలో ఎప్పుడూ కోట్లలో ఉండదు. ఒక ఆడపురుగు పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలే ఒక చెట్టు మొవ్వును తినేయగలవు, అందువల్ల బకెట్టులో పడిన ప్రతి ఆడపురుగూ నిజంగా తగ్గిన ప్రమాదమే. బెరడు పురుగు బలం గుంపులో ఉంది. చెట్టును లొంగదీయడానికి కావలసిన సంఖ్య ఒకసారి దాటిందంటే, వచ్చినవాటిలో పది శాతమో ఇరవై శాతమో బుట్టలో పడినా చెట్టు గతి మారదు. ఈ లెక్కన పురుగు ఇంకా పలుచగా ఉన్నప్పుడు, ఒకటి రెండు చెట్లకే పరిమితమైనప్పుడు, ఎరకు కూడా చోటుందని ఒప్పుకోవాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అటవీ శాఖ వారు దాన్ని అలాగే వాడారు. ఎలాగూ నరకబోయే చెట్లకే ఎర కట్టి, చెదిరిపోతున్న పురుగులను అక్కడికి చేర్చి, వాటి పిల్లలు ఎగరకముందే ఆ చెట్లను నరికి మిల్లుకు తోలేవారు. ఆ పనిలో ఎరకు ఎంత విలువ ఉందో రంపానికీ లారీకీ అంతే విలువ ఉంది. రంపం లేకుండా ఎర ఒక్కటే వాడితే అది పురుగులకు పంపిన ఆహ్వానంగా మిగిలిపోతుంది.

ఎరకు ఉన్న మరో మంచి ఉపయోగాన్ని అట్లాంటా, హ్యూస్టన్ వైపు ఉన్న తెలుగువారు తమ చుట్టూ ఉన్న లాబ్‌లోలీ పైన్ అడవుల్లో చూడవచ్చు. అక్కడి శత్రువు సదరన్ పైన్ బీటిల్. ప్రతి వసంతంలోనూ దక్షిణాది రాష్ట్రాల అటవీ శాఖలు, ఒకదాని కింద ఒకటిగా నల్ల గరాటాలు అమర్చిన బుట్టల్లో ఫ్రాంటాలిన్ అనే ఆకర్షక వాసనను ఎరగా పెట్టి, కొన్ని వారాలపాటు పడినవాటిని లెక్కిస్తాయి. బెరడు పురుగులు ఎన్ని పడ్డాయి, వాటిని తినే క్లెరిడ్లు ఎన్ని పడ్డాయి అన్న నిష్పత్తిని బట్టి ఆ వేసవి ఎలా ఉండబోతోందో అంచనా కడతాయి. అక్కడ ఆ బుట్టను ఎవరూ మందుగా భావించరు. జ్వరం చూసే థర్మామీటరులాగా వాడతారు.

నా చెట్లు ఎందుకు చచ్చాయి

వికర్షకాన్ని ఇంతగా వెనకేసుకొస్తున్న నేను దానితో దెబ్బతినలేదనుకోకండి. రెండేళ్ళ కిందట జూన్ చివర్లో, పురుగు ఎగరడానికి ముందే, నా పెరట్లోని 19 పొండరోసా చెట్లకు వెర్బెనోన్ పొట్లాలు కట్టాను. నిచ్చెన వేసుకుని, దిక్సూచి చూసుకుని, ప్రతి పొట్లాన్నీ ఉత్తరం వైపే బిగించాను. ఆగస్టు రెండో వారంలో ఒక ఉదయం, పొట్లానికి జానెడు దూరంలోనే బెరడు మీద లేత గులాబీ రంగు జిగురు ముద్ద కనిపించింది. దాని కింద బెరడు పగుళ్ళలో రంపపు పొట్టు లాంటి పొడి ఉంది. ఆ చెట్టు మీదే అలాంటి ముద్దలు అరవై దాకా లెక్కపెట్టి, ఇక లెక్కపెట్టడం మానేశాను. ఆ ఏడు 4 చెట్లు పోయాయి.

ఆ తర్వాతే కూర్చుని సరిగ్గా చదివాను. వెర్బెనోన్ లాడ్జ్‌పోల్ పైన్‌లో, ఎత్తైన కొండల మీది వైట్‌బార్క్ పైన్‌లో చూపినంత నమ్మకమైన ఫలితాన్ని పొండరోసాలో చూపదు. పొండరోసా అడవి పలుచగా ఉంటుంది, గాలి ధారాళంగా ఆడుతుంది, వాసన నిలవదు. ఎండ తగిలితే వెర్బెనోన్ పురుగు లెక్కచేయని మరో పదార్థంగా విరిగిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దగ్గరలోనే పురుగులతో నిండిన చెట్లుండి, అక్కడి నుంచి వేల సంఖ్యలో ఎగిరి వస్తున్నప్పుడు వెర్బెనోన్ కబురు వాటి పిలుపులో మునిగిపోతుంది. నా పెరటి కంచెకు అవతల అలాంటి చెట్లు 3 ఉన్నాయి. వాటిని ముందుగా కొట్టించకుండా నేను పొట్లాలు కట్టాను. తప్పు పొట్లానిదని అనడం లేదు, పొట్లం చేయగలిగిన పని కంటే ఎక్కువ నేను దాన్ని అడిగాను.

ఒంటరి పదానికి అర్థం తక్కువన్న 1966 నాటి పాఠం ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. ఇటీవలి దశాబ్దాల్లో పరిశోధకులు వెర్బెనోన్‌కు ఆకురాల్చే చెట్ల వాసనలను కూడా కలిపి చూస్తున్నారు. ఈ చెట్టు నిండిపోయిందన్న కబురుతో పాటు, ఇది అసలు పైన్ చెట్టే కాదన్న కబురు కూడా పురుగుకు చేరుతుంది. పొండరోసాను చంపే మరో జాతి అయిన వెస్టర్న్ పైన్ బీటిల్ మీద అలాంటి మిశ్రమాలు కాలిఫోర్నియాలో మంచి ఫలితాన్నిచ్చాయి. పైన్ కాని డగ్లస్-ఫర్ చెట్టును చంపే పురుగుకైతే, 1970ల మొదట్లో గుర్తించిన ఎమ్‌సీహెచ్ అనే ఒకే ఒక్క వికర్షకం ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తోంది. ఒక పురుగు ఒక్క మాటకే వెనుదిరుగుతుంది, మరొకదానికి రెండు మూడు మాటలు కావాలి. ఏ పురుగు, ఏ చెట్టు, ఎంత ఉధృతి అన్నవి చెప్పకుండా వికర్షకం పనిచేస్తుందా అని అడిగితే జవాబు ఉండదు.

ఎవరి మీదికి తరుముతున్నాం

నా అభిప్రాయానికి నేనే జవాబు చెప్పుకోలేక ఆగిపోయిన చోటు ఇది. వికర్షకం పురుగును చంపదు. నా చెట్టు దగ్గర నుంచి పొమ్మంటుంది. పోయినది ఎక్కడికి పోతుంది? పక్కవారి చెట్టుకు పోతుంది. పొట్లాలు కొనే స్తోమత ఉన్న ఇంటి నుంచి లేని ఇంటికి పురుగును తరమడం న్యాయమేనా అని సమావేశంలో ఒక యువతి అడిగింది. ఆ సాయంత్రం విన్న మాటలన్నిటిలోకీ నాకు బరువుగా తోచిన మాట అదే. మా కాలనీ లాంటి చోట, ఇంటింటికీ మధ్య ముప్పై అడుగులే ఉన్న చోట, ఆమె అభ్యంతరం నిజమేనని ఇప్పుడు నమ్ముతున్నాను. ఇళ్ళ మధ్య పొట్లాలు కట్టడమంటూ ఉంటే అందరూ కలిసి చేయాలి, లేదా ఎవరూ చేయకూడదు.

కొండల మీద లెక్క వేరు. వైట్‌బార్క్ పైన్‌ను అమెరికా ప్రభుత్వం 2022 డిసెంబరులో ముప్పు పొంచి ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చింది. చెట్ల వరస ఆగిపోయే ఎత్తులో, గాలికి వంకర్లు తిరిగి బతికే ఆ చెట్టుకు గింజ పట్టడానికే దశాబ్దాలు పడుతుంది. దాని గింజలను నట్‌క్రాకర్ పక్షి నేలలో దాచిపెడుతుంది, అది తినకుండా మరచిపోయినవి మొలుస్తాయి. గ్రిజ్లీ ఎలుగులు కూడా వాటిని తిని చలికాలానికి కొవ్వు పెంచుకుంటాయి. ఒకవైపు బయటి ఖండం నుంచి వచ్చిన బ్లిస్టర్ రస్ట్ తెగులు ఆ చెట్లను చంపుతుంటే, దానికి తట్టుకుని నిలిచిన కొన్ని చెట్లను అటవీ శాఖవారు వెతికి పట్టుకుని, వాటి గింజల నుంచి కొత్త మొక్కలు పెంచుతున్నారు. అలా ఎంపికైన చెట్లకు వెర్బెనోన్ పొట్లాలు కడతారు. అక్కడ పురుగును పక్క చెట్టు మీదికి తరుముతున్నారన్నది నిజమే. కాని తెగులును తట్టుకునే ఒక చెట్టు బతికితే దాని వెనుక ఒక జాతి భవిష్యత్తు ఉంది. ఏ చెట్టును కాపాడాలో తెలిసి, ఏ చెట్టును వదులుకుంటున్నామో కూడా తెలిసి చేసే పని అది. అంతకంటే నిజాయితీగా ఈ పొట్లాన్ని వాడే చోటు నాకు మరొకటి తెలియదు.

అడవినంతటినీ దీనితో కాపాడవచ్చన్న ఆశను మాత్రం వదులుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో 1990ల నుంచి సాగిన ఉధృతి కోటీ 80 లక్షల హెక్టార్లను తాకింది. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కంటే అది ఎక్కువ. పురుగు పిల్లలను చంపేటంత గట్టి చలి రాని శీతాకాలాలు, మంటలను అణచివేస్తూ దశాబ్దాలుగా మనం పెంచిన ఒకే వయసు చెట్ల దట్టమైన వరసలు, కరువు, ఇవన్నీ కలిసి దాన్ని పెంచాయి. 2006లో గాలితో పాటు గుంపులు గుంపులుగా రాకీలను దాటి పక్కనున్న ఆల్బెర్టా రాష్ట్రంలో దిగిన పురుగును ఏ పొట్లం ఆపగలదు? పలుచన చేయాల్సిన అడవిని పలుచన చేయకుండా, సోకిన చెట్లను సమయానికి కొట్టకుండా, వాసన పొట్లాల మీద భారం వేయడం నా పెరట్లో నేను చేసిన పొరపాటునే పెద్ద ఎత్తున చేయడమవుతుంది.

సమావేశం చివరికి బుట్టల ప్రతిపాదన ఓటుకు రాలేదు. దాని బదులు కాలనీ హద్దుల్లో సోకిన చెట్లను గుర్తించడానికి ఆరుగురం ఒప్పుకున్నాం. రెండు శనివారాలు తిరిగి 14 చెట్లకు నారింజ రంగు రిబ్బన్లు కట్టాం. వాటిలో 3 నా కంచె అవతలి స్థలంలోవి. ఆ యజమానికి ఈసారి నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను, ఖర్చులో సగం పెట్టుకుంటానన్నాను. పురుగు జూలైలో ఎగురుతుంది కనుక జూన్ 20 లోపు అన్నీ కొట్టి, బెరడు ఒలిచి, చెక్కను చిన్న ముక్కలు చేసే చిప్పర్‌లో వేయించాలని అనుకున్నాం. ఎదురింటి పెద్దావిడ తన బుట్టను దించి, మిగిలిన ఎరను మూత బిగించిన డబ్బాలో పెట్టి నాకిచ్చారు. మిగిలిన నా 15 చెట్లకు ఈ ఏడు పొట్లాలు కట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ 14 చెట్లూ నిజంగా పోయాక, రెండు వైపులా ఇరుగుపొరుగును అడిగి నిర్ణయించుకుంటాను.